మన టీమ్ ఇంటికెళ్లిపోయాక అక్టోబరులో ఎవరి వైపు కూర్చోవాలి?

బ్రాడీపేట లెక్కల టీచర్
30 సెప్టెంబరు 2025, సాయంత్రం

నమస్కారం అండీ. నేను రిటైరైన లెక్కల టీచర్ని, ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. అరవయ్యో ఏట నాకు బేస్‌బాల్ పిచ్చి పట్టుకుంది. నవ్వదలచుకున్నవాళ్లు ముందే నవ్వేసి, ఆ తర్వాత సలహా చెప్పండి.

2024 ఏప్రిల్‌లో మా అమ్మాయి పురిటికని న్యూయార్క్ వెళ్లాను. వాళ్లుండేది క్వీన్స్‌లో. పురిటికి అమెరికా వెళ్లిన తల్లులకు ఆ ఆరు నెలలూ ఎలా గడుస్తాయో చెప్పక్కర్లేదు. పిల్లాడికి సాంబ్రాణి పొగ వేద్దామంటే అలారం మోగి ఫైరింజన్ వస్తుందని భయపెడతారు. మా మనవడు పగలంతా పడుకుని రాత్రి లేచేవాడు. అమ్మాయిని కాసేపు నిద్రపోనిచ్చి, వాణ్ణి కాళ్ల మీద వేసుకుని నేను హాల్లో కూర్చునేదాన్ని. అల్లుడు సౌండు తగ్గించి అక్కడి బేస్‌బాల్ టీమ్ మెట్స్ మ్యాచ్ పెట్టుకునేవాడు. మొదటి నెలంతా నాకు అర్థమైంది ఒకటే: ఒకడు విసురుతాడు, ఒకడు ఊపుతాడు, మిగతావాళ్లు ఉమ్ముతూ నిలబడతారు.

తర్వాత అల్లుడు స్కోరు రాయడం చూపించాడు. అక్కడ దొరికిపోయాను. మైదానంలో ఒక్కొక్కరికీ ఒక అంకె ఉంటుంది. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్‌లో ఉండేవాడు 3, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేసుల మధ్య ఉండేవాడు) 6, అలా తొమ్మిది దాకా. షార్ట్‌స్టాప్ బంతిని ఏరి ఫస్ట్ బేస్‌కి విసిరి అవుట్ చేస్తే 6-3 అని రాసుకోవాలి. మూడు స్ట్రైకులై (కొట్టాల్సిన బంతి మూడుసార్లు పోగొట్టుకుని) అవుటైతే ఇంగ్లీషు కె. అదే, మూడో స్ట్రైకుకి బ్యాటు ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే ఆ కె ని అద్దంలో కనపడినట్టు తిరగేసి రాయాలి. తప్పు జవాబు రాసినవాడికీ, తెల్ల కాగితం ఇచ్చినవాడికీ 31 ఏళ్లు ఒకటే సున్నా వేసినదాన్ని నేను. వీళ్లు ఆ తేడాకి ఏకంగా ఒక గుర్తు పెట్టుకున్నారు!

ఒక ఆదివారం ఫ్లషింగ్ వినాయకుడి గుడికి వెళ్లి, కింద క్యాంటీన్లో దోసె తిని, అటునుంచి అటే మెట్స్ స్టేడియం సిటీ ఫీల్డ్‌కి వెళ్లాం. మెట్స్ వాళ్లెవరైనా హోమ్ రన్ (బంతి గోడ దాటించడం, మన సిక్సర్ లాంటిది) కొడితే అక్కడ పెద్ద ఎర్ర యాపిల్ పండు బొమ్మ పైకి లేస్తుంది. మనవడు దాన్నే చూస్తాడని ఎత్తుకుని నిలబడ్డాను. ఆ రోజే వాడికి 20వ నంబరు చిన్న జెర్సీ కొన్నాను. మెట్స్‌లో ఫస్ట్ బేస్ దగ్గర ఆడే పీట్ అలోన్సో నంబరు అది.

ఆ ఏడాది అక్టోబరు 3 రాత్రి నేను ప్రయాణానికి పెట్టెలు సర్దుకుంటున్నాను. చేత్తో పట్టుకునే తూకానికి పెట్టె తగిలించి, 23 కిలోలు దాటిందా లేదా అని చూస్తున్నాను. టీవీలో మిల్వాకీతో మూడో మ్యాచ్. మెట్స్ 2-0తో వెనకబడి ఉన్నారు. చివరి ఇన్నింగ్స్, ఒకరు అవుట్, ఇద్దరు బేసుల మీద ఉన్నారు. అలోన్సో కొట్టాడు. బంతి కుడివైపు గోడ అవతల పడింది, మూడు పరుగులు. పెట్టె వదిలేశాను, అల్లుడు అరిచాడు, పిల్లాడు లేచాడు, అమ్మాయి వచ్చి ఇద్దర్నీ తిట్టింది. అత్తా అల్లుడూ కలిసి తిట్లు తిన్నది అదొక్కసారే.

ఇంటికొచ్చాక వదిలేస్తాననుకున్నాను. వదల్లేదు. అక్కడి రాత్రి ఏడుంపావు మ్యాచ్ మనకి తెల్లవారుజామున ఐదింటి లోపే మొదలవుతుంది. పాలవాడు వచ్చేసరికి మూడో ఇన్నింగ్స్. ఫోన్‌లో చూస్తూ లాంగ్ నోట్‌బుక్‌లో స్కేలుతో గళ్లు గీసి రాసుకుంటాను. మా వారు కాఫీ తనే పెట్టుకోవడం నేర్చుకున్నారు.

ఇక 2025 సంగతి. హువాన్ సోటోకి 15 ఏళ్లకి 76.5 కోట్ల డాలర్లు ఇచ్చి తెచ్చుకున్నారు. జూన్ 12 నాటికి 45 గెలుపులు, 24 ఓటములు. మొత్తం లీగుల్లో అంతకంటే మెరుగైన టీమ్ లేదు. ఆ రోజు వాషింగ్టన్‌తో మ్యాచ్‌లో అలోన్సో బంతి అందుకుని, ఫస్ట్ బేస్‌కి పరిగెత్తుకొస్తున్న పిచర్ సెంగాకి కాస్త ఎత్తుగా విసిరాడు. సెంగా ఎగిరి అందుకున్నాడు, కాలు బేస్ మీద పెట్టాడు, కూలబడ్డాడు. నా నోట్‌బుక్‌లో ఆ గడిలో 3-1 అని ఉంది. అవుటైతే అయింది, తొడ కండరం పట్టేసింది. అంతకు సరిగ్గా ఏడాది ముందు, అదే జూన్ 12న, గ్రిమేస్ అనే ఊదారంగు బొమ్మ వచ్చి మొదటి బంతి విసిరితే మావాళ్లు వరసగా ఏడు గెలిచారు. తిథి, వారం అంటే నవ్వే అల్లుడు కూడా ఆ తేదీ చూసి కాసేపు మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి చివరిదాకా 38 గెలుపులు, 55 ఓటములు. సీజన్ మొత్తంలో 46 మంది చేత పిచింగ్ చేయించారు, అదొక రికార్డు. తొమ్మిదింట్లో ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యేసరికి వెనకబడి ఉన్న మ్యాచ్‌లు 70 అయితే, 70 ఓడిపోయారు. డెబ్బైలో ఒక్కటి! గుడ్డిగా టిక్కు పెట్టినా ఒక్కటి తగులుతుంది కదండీ.

అయినా ఆశ చావలేదు, ఎందుకంటే చివరి రోజు దాకా లెక్క మిగిలే ఉంది. ఆ చివరి మ్యాచ్ మనకి మొన్న 28 అర్ధరాత్రి దాటాక. తెల్లారితే మూలా నక్షత్రం. అమ్మవారు సరస్వతీదేవి అలంకారంలో ఉంటుందని నేనూ మా అక్కయ్యా సాయంత్రమే బెజవాడ చేరాం. వినాయకుడి గుడి దగ్గర క్యూలో నిలబడ్డాం. ఒక చేతిలో మనవడి పేరు మీద కొన్న పెన్సిళ్లు, ఒక చేతిలో ఫోన్, చార్జింగు 41 శాతం. మయామీలో మ్యాచ్. నాలుగో ఇన్నింగ్స్‌లో వాళ్లు నాలుగు పరుగులు చేశారు. ఐదో దాంట్లో బేసులన్నీ నిండి ఉండగా అలోన్సో కొట్టిన బంతి బాణంలా వెళ్లి సరిగ్గా లెఫ్ట్ ఫీల్డర్ చేతిలో పడింది. రెండడుగులు అటో ఇటో వెళ్లి ఉంటే కథ వేరు. అక్కయ్య నా మొహం చూసి "అమెరికాలో ఎవరికైనా బాగాలేదా?" అంది. "మెట్స్‌కి" అన్నాను. "వాళ్లెవరు, వియ్యంకుల తరఫా?" అంది.

నాకౌట్ల ఆఖరి సీటుకి మాతో పోటీపడుతున్న సిన్సినాటి రెడ్స్ కూడా అవతల మిల్వాకీలో ఓడిపోయింది. అంటే మేం గెలిస్తే చాలు, లోపలికి వెళ్లిపోతాం. గెలవలేదు. చివర్లో మా షార్ట్‌స్టాప్ లిండోర్ కొట్టిన ఒక్క బంతికి ఇద్దరు అవుటయ్యారు. 4-0. క్యూ అప్పుడే కొంచెం కదిలింది, వెనకాల నుంచి జనం "జై దుర్గా" అంటూ తోశారు. అమ్మవారి ముందు నిలబడ్డప్పుడు ఏమీ అడగలేదు. అడగాల్సిన టైము దాటిపోయింది. ఇంటికొచ్చి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఇప్పుడు నా ప్రశ్న. ఈ రాత్రి నుంచి పోస్ట్‌సీజన్, అంటే నాకౌట్లు, మొదలు, పన్నెండు టీములు. అల్లుడేమో "అయిపోయింది అత్తయ్యా, ఫిబ్రవరి దాకా టీవీ కట్టెయ్యడమే" అంటున్నాడు. అమ్మాయేమో "ఎవరో ఒకళ్లని ఎంచుకుని చూడమ్మా, అదేమన్నా పెళ్లా" అంటోంది. నా నోట్‌బుక్‌లో ఇంకా పదకొండు కాగితాలు తెల్లగా ఉన్నాయి. ఎవరి వైపు చూడాలి? యాంకీస్ అదే న్యూయార్క్‌లో పక్క వీధివాళ్లు, కుదరదు. ఫిల్లీస్ మాకు దాయాదులు, ఒకే డివిజను. డాడ్జర్స్ మమ్మల్ని పోయినేడాది ఇంటికి పంపినవాళ్లు. రెడ్స్ సరేసరి. మిగిలినవాళ్లలో ఎవరైనా పనికొస్తారా? అసలు ఇలా అరువు తెచ్చుకోవడం సబబేనా?

గుణదల ఆఫ్ స్పిన్
30 సెప్టెంబరు 2025, రాత్రి

మేడమ్ గారూ, బేస్‌బాల్ అంటే నాకు తెలిసినంతవరకు బిళ్ళంగోడుకి ప్యాంటూ షర్టూ వేసినట్టు ఉంటుంది, ఏమనుకోకండి. కానీ మీ బాధ మాత్రం తెలుసు. నాది చచ్చిపోయిన టీమ్. దక్కన్ చార్జర్స్. 2009లో కప్పు కొట్టాం, 2012 తర్వాత టీమే లేదు. మీకు కనీసం వచ్చే ఏడాది అంటూ ఒకటుంది.

అప్పుడు నేను చేసిన పని చెప్తాను. టీమును వదిలేసి మనిషిని పట్టుకున్నా. మన గుంటూరు రాయుడు ముంబైలో ఉంటే నాది ముంబై, చెన్నైకి వెళ్తే నాదీ చెన్నై. ఫ్రెండ్స్ గోడ దూకేవాడన్నారు. అననీ. 2023 ఫైనల్ ఆడి, గెలిచి రిటైరయ్యాడాయన, నాకు అంతకన్నా ఏం కావాలి? ఇప్పుడు అదే చెన్నైలో మన గుంటూరు కుర్రాడే షేక్ రషీద్ ఉన్నాడు కదాని ఉండిపోయా. ఈ ఏడాది చెన్నై పదికి పదో స్థానం. అది వేరే విషయం.

కాబట్టి ఒకప్పుడు మీ మెట్స్‌లో ఆడి ఇప్పుడు వేరే చోట ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడండి. పుట్టింటి నుంచి వెళ్లిన పిల్లలాగా.

బెంజి సర్కిల్ నైట్ షిఫ్ట్
2 అక్టోబరు 2025, మధ్యాహ్నం

టీచర్ గారూ, దసరా శుభాకాంక్షలు. పండగ పూట నిజం ఒప్పుకోవాలి కాబట్టి చెప్తున్నా. మీ సీటు తీసుకున్న రెడ్స్ నావాళ్లే.

నేను బెజవాడలో కూర్చుని అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ చేస్తాను, తొమ్మిదేళ్లయింది. చేరిన కొత్తలో మాకు ఇచ్చిన అకౌంటు ఒహాయోది. ఫోన్లో అవతలివాళ్లు రేటు గురించి పోట్లాడబోయే ముందు రెండు నిమిషాలు వాతావరణం, రెండు నిమిషాలు రెడ్స్. వాతావరణం మనకేం తెలుస్తుంది, రెడ్స్ నేర్చుకున్నా. ఆ అకౌంటు నాలుగేళ్ల కిందటే పోయింది, రెడ్స్ మిగిలిపోయారు. ఎంత బాధపడ్డా మా దగ్గర ఎవరికీ అర్థం కాదు. రాత్రి రెండింటికి క్యాంటీన్లో మొహం వేలాడేసుకుని కూర్చుంటే "లవ్వా బ్రో" అంటారు.

మీకూ మాకూ అవే 83 గెలుపులు, అవే 79 ఓటములు. మన రెండు టీములూ ఆరుసార్లు తలపడితే నాలుగు మేం గెలిచాం. అందుకే మాకు సీటు. మీరు లెక్కల టీచర్, మీకు నేను చెప్పేదేముంది. ఆ సీటుతో మేం ఏం చేశామంటారా? లాస్ ఏంజెలెస్ వెళ్లి డాడ్జర్స్ చేతిలో 10-5, 8-4. అయిపోయింది. ఇవాళ పొద్దున్నే ఇంటికి. మేం ఒక సిరీస్ గెలిచి ముప్పై ఏళ్లు, 1995లో ఆఖరు. మీరు వెళ్లి ఉంటే ఏం చేసేవారో తెలీదు గానీ, మీ టికెట్ మీద మేం ఊరెళ్లి ఏమీ చూడకుండా తిరిగొచ్చినట్టయింది. సారీ అండీ.

సలహా కావాలంటే నాది ఒకటే. టీమును ఎంచుకోకండి, ఓడిపోవాల్సిన టీమును ఎంచుకోండి. నాకైతే ఇప్పటి నుంచి డాడ్జర్స్ ఎవరితో ఆడితే వాళ్లు నా టీమ్. నెలంతా సుఖంగా గడిచిపోతుంది.

బ్రాడీపేట లెక్కల టీచర్
2 అక్టోబరు 2025, రాత్రి

నైట్ షిఫ్ట్ బాబూ, సారీ ఎందుకయ్యా. ఆరింటిలో నాలుగు గెలిచినవాళ్లు లోపలికి, రెండు గెలిచినవాళ్లు బయటికి. సెప్టెంబరులో మీ ఊళ్లోనే మూడుకి రెండు పోగొట్టుకున్నప్పుడే నేను పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్నాను. కానీ నీ పద్ధతి నాకు పడదు. ఎవరో ఓడిపోవాలని తెల్లవారుజామున లేవడం, పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టబోయే మనిషిని, ఏదోలా ఉంటుంది.

గుణదల అబ్బాయీ, నువ్వన్నది అల్లుడికి చెప్పాను. టొరంటో బ్లూ జేస్‌లో షెర్జర్, బాసిట్, హిమెనెజ్ ముగ్గురూ ఒకప్పుడు మావాళ్లేనట. ఆ హిమెనెజ్‌ని ఇచ్చే లిండోర్‌ని తెచ్చుకున్నారట. నేను చూడ్డం మొదలుపెట్టేసరికే వాళ్లు వెళ్లిపోయారు. నేను ఎత్తుకోని పిల్లలు, పుట్టిల్లు అంటే ఎలా వస్తుంది ప్రేమ?

తెనాలి టు సియాటిల్
3 అక్టోబరు 2025

టీచర్ గారూ, మా అమ్మది కూడా మీ వయసే, ఆవిడ కూడా టీచరే, అందుకని చనువుగా చెప్తున్నాను. మా ఇంటికి రండి. మెరైనర్స్ వైపు చూడండి.

నేను పుట్టింది తెనాలి, పన్నెండేళ్లుగా సియాటిల్ దగ్గర ఉంటున్నాను. మా టీమ్ 1977లో పుట్టింది. ఇప్పటిదాకా వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్, గడప తొక్కలేదు. గెలవకపోవడం కాదండీ, ఆడనే లేదు. ముప్పై టీముల్లో అలాంటిది మాదొక్కటే. 2001లో 116 మ్యాచ్‌లు గెలిచారు. 162లో 116! అయినా యాంకీస్ దగ్గర ఆగిపోయారు. ఆ తర్వాత 2022 దాకా పోస్ట్‌సీజన్ మొహమే చూడలేదు. మీరు ఒక్క ఏడాదికే పప్పులో ఉప్పు రెండుసార్లు వేశారు. ఆ లెక్కన ఇక్కడివాళ్ల ఇళ్లలో పప్పు ఎలా ఉండాలో చూడండి.

ఈ ఏడాది మాత్రం వేరే. 2001 తర్వాత మొదటిసారి డివిజన్ గెలిచాం. కాల్ రాలీ అని మా క్యాచర్. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు, కానీ మ్యాచంతా గొంతుక్కూర్చునే ఉండాలి. ప్రతి మ్యాచ్‌లో వందకు పైగా బంతులు అందుకోవాలి, తగిలిన దెబ్బలకి లెక్కుండదు. అలాంటి పని చేస్తూ 60 హోమ్ రన్‌లు కొట్టాడు. ఏ క్యాచరూ ఏనాడూ అన్ని కొట్టలేదు. మా ఎనిమిదేళ్ల అమ్మాయి ఇంట్లో సోఫా కుషన్ ముందు పెట్టుకుని అలాగే కూర్చుంటోంది, మోకాళ్లు నొప్పులొస్తాయే అంటే వినదు.

మీకు దాయాది తగువు లేదు, పక్క వీధి గొడవ లేదు. మేం వేరే లీగు, వేరే తీరం. పైగా మీ క్లోజర్ (చివర్లో మ్యాచ్ ముగించే పిచర్) ఎడ్విన్ డియాజ్ పెరిగింది మా దగ్గరే, 2018 చివర్లో మీకిచ్చాం. అంటే వియ్యంకులమే.

బ్రాడీపేట లెక్కల టీచర్
11 అక్టోబరు 2025

వియ్యంకులన్నాక కాదంటానా. సియాటిల్‌నే పట్టుకున్నాను.

ఇవాళ డెట్రాయిట్‌తో ఐదో మ్యాచ్. పొద్దున ఐదున్నర దాటాక మొదలై పదిన్నర దాకా సాగింది. పదిహేను ఇన్నింగ్స్! నేను గీసుకునేది పది గళ్లు. పదకొండో ఇన్నింగ్స్‌కి ఇంకో కాగితం చింపి పక్కన గమ్ముతో అంటించాను. గమ్ము తడి ఆరకముందే రాసేసరికి పన్నెండో గడి అంతా చెదిరిపోయింది. పనమ్మాయి గిన్నెలు కడిగి, ఇల్లు తుడిచి, "ఇంకా అవలేదా అమ్మగారూ" అని వెళ్లిపోయింది. చివరికి పోలాంకో కొట్టాడు, 3-2. తెనాలి బాబూ, నువ్వు స్టేడియంలో ఉన్నావా?

తెనాలి టు సియాటిల్
11 అక్టోబరు 2025

ఉన్నానమ్మా. గొంతు లేదు. మా అమ్మాయి పదమూడో ఇన్నింగ్స్‌లో నా ఒళ్లో నిద్రపోయింది. పోలాంకో కొట్టినప్పుడు లేచి "మనం గెలిచామా, ఇంటికి వెళ్తున్నామా" అంది. రెండూ అన్నాను.

బ్రాడీపేట లెక్కల టీచర్
21 అక్టోబరు 2025

నిన్న దీపావళి. ఇవాళ పొద్దున వీధినిండా ఎర్ర కాగితం ముక్కలు, కాలిన చిచ్చుబుడ్లు. ఊరంతా నిద్రపోతుంటే నేను టొరంటోతో ఏడో మ్యాచ్ చూస్తూ కూర్చున్నాను. సియాటిల్ 3-1తో ముందుంది. ఏడో ఇన్నింగ్స్, ఇంకో ఎనిమిది అవుట్లు తీస్తే వరల్డ్ సిరీస్. ఇద్దరు బేసుల మీద ఉండగా స్ప్రింగర్ కొట్టిన బంతి గోడ దాటింది. 4-3. అంతే.

తెనాలి బాబూ, నీకొక మాట చెప్పాలి, తప్పుగా తీసుకోకు. నాకు బాధేసింది. కుర్చీలో అలాగే ఉండిపోయాను. కానీ పదిన్నరకి వంటింట్లోకి వెళ్లి దోసకాయ పప్పు చేస్తే, పప్పు చక్కగా కుదిరింది. మా వారు మళ్లీ అడిగి వేయించుకున్నారు. అప్పుడు నాకే సిగ్గనిపించింది. నువ్వక్కడ ఎలా ఉన్నావో అనుకుని ఇది రాస్తున్నాను.

తెనాలి టు సియాటిల్
22 అక్టోబరు 2025

మీరు అడిగారు కాబట్టి చెప్తున్నానమ్మా. ఆఫీసుకి సెలవు పెట్టాను. మా ఆవిడ దీపావళి స్వీట్లు డబ్బాలో అలాగే ఉన్నాయి. మా క్లోజర్ మునోజ్ ఉండగా ఆ సమయంలో బజార్డోని ఎందుకు దించారో అని మా మేనేజర్ డాన్ విల్సన్‌ని మనసులో ఇప్పటికి నలభైసార్లు అడిగాను. అమ్మాయి మాత్రం ఇంకా కుషన్ ముందు కూర్చునే ఉంది.

మీ పప్పు కుదిరినందుకు నాకేం కోపం లేదు. మీరు పదిహేను ఇన్నింగ్స్‌కి కాగితం అంటించారు, అది చాలు. ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే వచ్చి కూర్చునే పక్కింటివాళ్లు కూడా తమ ఇంటికి వెళ్లి అన్నం తింటారు కదా.

గుణదల ఆఫ్ స్పిన్
22 అక్టోబరు 2025

ఈ ఏడాది జూన్ 3న బెంగళూరు పద్దెనిమిదేళ్ల తర్వాత కప్పు కొట్టినప్పుడు మా వీధిలో ఒకాయన ఏడ్చాడు. అప్పుడు నవ్వాను నేను. ఇది చదివాక వెళ్లి ఆయనతో టీ తాగొచ్చా. ఊరికే చెప్తున్నా.

బెంజి సర్కిల్ నైట్ షిఫ్ట్
29 అక్టోబరు 2025

అందరూ క్షేమమేనా? నిన్న మొంథా తుఫాను రోజు షిఫ్ట్ అయ్యాక ఆఫీసులోనే ఉండిపోయా, బయట వాన, గాలి. పొద్దున వరల్డ్ సిరీస్‌లో టొరంటో, డాడ్జర్స్ మూడో మ్యాచ్ పెట్టుకుంటే మధ్యాహ్నం పన్నెండున్నర దాకా అయింది. పద్దెనిమిది ఇన్నింగ్స్, 6 గంటల 39 నిమిషాలు. డాడ్జర్స్ ఒటానీ తొమ్మిదిసార్లు బేస్ చేరాడు. చివరికి ఫ్రీమన్ కొట్టి డాడ్జర్స్‌ని గెలిపించాడు. నా పద్ధతి సుఖమన్నాను కదా, వెనక్కి తీసుకుంటున్నా. ఓడిపోవాల్సినవాళ్లు ఓడకపోతే ఆరున్నర గంటలు కూర్చుని మరీ ఏడవాల్సి వస్తుంది.

బ్రాడీపేట లెక్కల టీచర్
2 నవంబరు 2025, రాత్రి

మాకు ఇక్కడ వాన తప్ప ఇంకేం ఇబ్బంది లేదు. కరెంటు పోయి వచ్చింది.

ఇవాళ ఏడో మ్యాచ్‌తో నా నోట్‌బుక్ అయిపోయింది. సరిగ్గా ఆఖరి కాగితం, దాని వెనక వైపు కూడా. నీ పద్ధతి పడదన్నాను గానీ, నైట్ షిఫ్ట్ బాబూ, ఇవాళ నేనూ డాడ్జర్స్ ఓడాలనే కూర్చున్నాను. దీపం ముందే పెట్టేశాను. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో టొరంటోకి ఇంకో రెండు అవుట్లు చాలు. పెద్దగా హోమ్ రన్‌లు కొట్టడని పేరున్న రోహాస్ కొట్టి సమం చేశాడు. పదకొండులో విల్ స్మిత్ కొట్టాడు. 5-4. చివరి బంతికి టొరంటో కర్క్ బ్యాటు విరిగింది, బెట్స్ సెకండ్ బేస్ తొక్కి ఫస్ట్‌కి విసిరాడు. ఒక్క బంతికి ఇద్దరు. మా మెట్స్ మయామీలో ఎలా ముగించారో అచ్చం అలాగే. ఆ గడిలో 6-3 రాసి, చుట్టూ గీత గీసి, మూసేశాను.

అమ్మాయి ఫోన్ చేసి ఒక రహస్యం చెప్పింది. టీవీ కట్టేస్తానన్న అల్లుడు నెలంతా బాత్రూంలో ఫోన్ పెట్టుకుని టొరంటో మ్యాచ్‌లు చూశాడట. షెర్జర్ కోసమట. ఇవాళ వేసింది కూడా షెర్జరే కదా.

సాయంత్రం అమ్మాయిల వరల్డ్ కప్ ఫైనల్, మా వారితో కూర్చున్నాను. వాన వల్ల ఆలస్యంగా మొదలైంది. షెఫాలీ 87 కొట్టింది, దీప్తి ఐదు వికెట్లు తీసింది, మన కడప అమ్మాయి శ్రీచరణి టీములో ఉంది. ఎవరి వైపు కూర్చోవాలా అని ఎవర్నీ అడగలేదు. క్యాచ్ పట్టి గెలిచినప్పుడు నేను అరిచిన అరుపుకి పైవాటా వాళ్లు దిగొచ్చారు.

బెంజి సర్కిల్ నైట్ షిఫ్ట్
12 డిసెంబరు 2025

టీచర్ గారూ, వార్త చూశారా? అడగాలంటేనే ఎలాగో ఉంది.

బ్రాడీపేట లెక్కల టీచర్
12 డిసెంబరు 2025

చూశాను. అలోన్సో బాల్టిమోర్ వెళ్లిపోయాడు, ఐదేళ్లకి 15.5 కోట్ల డాలర్లు. డియాజ్ డాడ్జర్స్‌కి. నిమ్మోని పోయిన నెలే టెక్సస్‌కి ఇచ్చేశారు. పెట్టె తూకం వేస్తున్నప్పుడు టీవీలో ఉన్నవాళ్లలో ఇంకెవరు మిగిలారని అల్లుణ్ణి అడిగితే, లిండోర్ ఉన్నాడు కదా అన్నాడు. ఆయన గొంతులోనూ ధైర్యం లేదు.

గుణదల అబ్బాయి లెక్క ప్రకారం నేనిప్పుడు బాల్టిమోర్ వెనక పోవాలి. రెండు రోజులు ఆలోచించాను. బాల్టిమోర్ రంగు నారింజ, చూడ్డానికి బాగానే ఉంది. కానీ పొద్దున ఫోన్‌లో తెరిచేది ఇంకా మెట్స్ పేజీయే. అక్కడ ఇప్పుడు మ్యాచ్‌లేం లేవు, ఎవరు పోయారు, ఎవరొచ్చారు అంతే.

నిన్న వీడియో కాల్‌లో మనవడికి ఆ 20వ నంబరు జెర్సీ తొడగబోయారు. మెడ దగ్గరే ఆగిపోయింది, తల పట్టలేదు. వాడు ఏడుస్తున్నాడు, అల్లుడు నవ్వుతున్నాడు. ఏప్రిల్‌లో వాడి రెండో పుట్టినరోజుకి మేం వెళ్తున్నాం. కొత్త లాంగ్ నోట్‌బుక్ కొన్నాను, ఈసారి ముందే పదిహేను గళ్లు గీసుకుంటున్నాను. జెర్సీ ఎటూ పెద్ద సైజు కొనాలి. ఏ నంబరు కొనమంటారు?